గిన్నె నిండితే సరిపోతుందా? – పెంపుడు చిలక ఆహారం

ఉపోద్ఘాతం

చిలక పలుకులు, చిలక పచ్చ, చిలక కొట్టిన జామపండు – మన మాటల్లో చిలక ఎంతగా కలిసిపోయిందో గమనించారా? ఛత్తీస్‌గఢ్ ప్రజలకు కూడా చిలక అంతే ప్రియమైనది. అక్కడ దాన్ని 'సువా' అంటారు. దీపావళి రోజులలో ఆడవాళ్ళు మట్టి చిలకను బుట్టలో ఉంచి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తూ సువా పాటలు పాడతారు.

ఈ పాఠంలోని ఉదాహరణలను భిలాయి-3 నుంచి తీసుకున్నాం. ఇది దుర్గ్ జిల్లాలో, రాయ్‌పూర్ నుంచి దుర్గ్ వెళ్ళే రహదారి మీద ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల భిలాయికి ఉక్కు కర్మాగారం వచ్చింది. 1959లో అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయింది. కర్మాగారంలోను, రైల్వేలోను పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. ఈ వీధులలో నడుస్తుంటే ఏదో ఒక వరండాలో పంజరం కనిపిస్తుంది. అందులో ఒక గిన్నె ఉంటుంది. ఆ గిన్నెలో ఏముండాలి, ఏముండకూడదు అనేదే ఈ పాఠం.

ఈ విషయాన్ని పాఠంగా ఎందుకు చదవాలి అని మీకు అనిపించవచ్చు. పక్షులు జబ్బును దాచుకుంటాయి. అడవిలో బలహీనంగా కనిపించిన పక్షిని శత్రువు ముందుగా పట్టుకుంటుంది కాబట్టి వాటికి అది సహజ గుణం. చిలక నీరసంగా ఉందని మనకు తెలిసే రోజుకు జబ్బు బాగా ముదిరి ఉంటుంది. అందువల్ల మందు కన్నా ముందు గిన్నెను సరిదిద్దుకోవాలి.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– ఏ చిలకలను ఇంట్లో పెంచవచ్చో, ఏవి పెంచకూడదో చెప్పగలుగుతారు.
– గింజలు మాత్రమే పెట్టడం వల్ల కలిగే నష్టాలను వివరించగలుగుతారు.
– మీ ఊరి బజారులో దొరికే వాటితో చిలకకు రోజువారీ ఆహారం ఏర్పాటు చేయగలుగుతారు.
– చిలకకు ప్రమాదకరమైన పదార్థాలను గుర్తించగలుగుతారు.
– అవసరమైనప్పుడు అధికారులకు లేఖ రాయగలుగుతారు.

1. ముందుగా చట్టం సంగతి

మన చెట్ల మీద ఎగిరే రామచిలకను, హిందీలో పహాడీ తోతా అని పిలిచే పెద్ద చిలకను, మన దేశపు ఇతర అడవి చిలకలను పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికి రక్షణ కల్పిస్తోంది. ఈ చట్టాన్ని 2022లో సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 2024 ఆగస్టులో ఛత్తీస్‌గఢ్‌లో ఇళ్ళలోని చిలకలను అప్పగించే విషయమై అటవీ శాఖ ఆదేశాలు వెలువడ్డాయి. కొద్ది రోజులకే వాటి అమలును నిలిపివేశారు. ఆదేశాలు ఆగాయి గాని చట్టం మారలేదు.

మరి పెంచదగినవి ఏవి? ఆస్ట్రేలియాకు చెందిన బడ్జెరిగార్, కాకటీల్ వంటి విదేశీ చిలకలను పెంచుకోవచ్చు. సంతలో 'లవ్‌బర్డ్స్' అని అమ్మే చిన్న పక్షులు చాలావరకు బడ్జెరిగార్లే. అసలు లవ్‌బర్డ్ ఆఫ్రికా పక్షి. ఆఫ్రికా బూడిద రంగు చిలక వంటి కొన్ని విదేశీ జాతులకు మాత్రం 2024 నాటి నిబంధనల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు తప్పనిసరి. కొనేముందు ఈ సంగతి విచారించండి.

ఒకవేళ మీ ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా రామచిలక ఉంటే ఏం చేయాలి? పంజరం తలుపు తీసి వదిలేస్తే సరిపోతుందని అనుకోవద్దు. చేతి మీద పెరిగిన చిలకకు తిండి వెతుక్కోవడం రాదు, కాకుల నుంచి తప్పించుకోవడం తెలియదు. దగ్గరలోని అటవీ శాఖ కార్యాలయానికి తెలియజేసి వారు చెప్పినట్లు చేయండి. గాలివానకు గూటి నుంచి పడిన పిల్ల దొరికినా ఇదే పద్ధతి. అప్పగించే దాకా దానికి ఏం పెట్టాలో తెలియడానికి కూడా ఈ పాఠం ఉపయోగపడుతుంది.

2. చెట్టు మీది చిలక ఏం తింటుంది?

స్వేచ్ఛగా తిరిగే చిలకను ఒక రోజు గమనించండి. పొద్దున్నే జామచెట్టు మీద ఉంటుంది. తరువాత జొన్న చేలోకి వెళుతుంది. చిగుళ్ళు కొరుకుతుంది, పూలను తెంపి తేనె పీలుస్తుంది, కాయను సగం తిని పారేస్తుంది. రోజులో చాలా భాగం తిండి వెతకడానికే ఖర్చు చేస్తుంది. ఇందులో రెండు విషయాలున్నాయి. ఒకటి, అది తినేవి రకరకాలు. రెండు, తిండి కోసం అది ఎగురుతుంది, కష్టపడుతుంది.

పంజరంలోని చిలకకు ఈ రెండూ లేవు. ఒకే రకం తిండి, కదలకుండా దొరికే తిండి. జబ్బులకు మూలం ఇక్కడే ఉంది.

3. గింజలు మాత్రమే ఎందుకు చాలవు?

భిలాయి-3లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళ మధ్య జరిగే ఇలాంటి సంభాషణను ఊహించండి.

"అక్కా, మా కాకటీల్‌కి పొద్దున్న గిన్నె నిండా పొద్దుతిరుగుడు గింజలు వేశాను. సాయంత్రమైనా గిన్నె నిండుగానే ఉంది. దానికి ఆకలి లేదంటావా?"

"గిన్నెలోకి ఒకసారి ఊదు చూద్దాం."

"అయ్యో! పైనున్నదంతా పొట్టే! అడుగున నాలుగు గింజలు కూడా లేవు."

"మరి! గింజ తిని పొట్టు అందులోనే వదిలేస్తుంది కదమ్మా. చూసేవాళ్ళకి గిన్నె నిండుగా కనిపిస్తుంది. పక్షి పస్తుంటుంది."

గిన్నెను చూసి మోసపోకూడదని ఈ సంభాషణ చెబుతోంది. పూటపూటకూ పొట్టు ఊదేసి, గింజలు ఎన్ని మిగిలాయో చూడాలి.

ఇక గింజలు నిజంగానే నిండుగా ఉన్నాయనుకుందాం. అయినా సమస్య తీరదు. పొద్దుతిరుగుడు గింజలలో, వేరుశనగలలో కొవ్వు ఎక్కువ. 'ఎ' విటమిను, కాల్షియం బాగా తక్కువ. వీటి మీదే బతికే చిలకకు ఏళ్ళు గడిచే కొద్దీ ఈ నష్టాలు కలుగుతాయి:

– కొవ్వు పేరుకుని ఒళ్ళు బరువెక్కుతుంది. కాలేయం చెడుతుంది.
– 'ఎ' విటమిను లోపం వల్ల నోటిలోను, ముక్కులోను ఉండే పలుచని పొర దెబ్బతింటుంది. ముక్కు కారడం, ఊపిరి అందకపోవడం, తరచు జబ్బు పడడం కనిపిస్తాయి.
– కాల్షియం లోపం వల్ల ఎముకలు బలహీనపడతాయి. ఆడ పక్షికి గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుంది.
– గింజలు మాత్రమే తినే బడ్జెరిగార్‌కు అయోడిన్ లోపంతో గొంతు దగ్గరి గ్రంథి వాచే ప్రమాదం ఉంది.

చిలకకు గింజలంటే ప్రాణం. ఎదురుగా పది రకాలు పెట్టినా ముందు వాటినే ఏరుకుంటుంది. "ఇష్టంగా తింటోంది కదా" అని మనం అవే పెడతాం. ఇష్టంగా తినడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు. ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన మాట ఇదే.

పాఠ్యగత ప్రశ్నలు – 1

ఈ కింది ప్రశ్నలకు జవాబులు రాయండి. పాఠం చివర ఇచ్చిన జవాబులతో సరిచూసుకోండి.
అ) గిన్నె నిండుగా కనిపించినా పక్షి పస్తుండే ప్రమాదం ఎందుకుంది?
ఆ) పొద్దుతిరుగుడు గింజలలో తక్కువగా ఉండే రెండు పోషకాలు ఏవి?
ఇ) ఇంట్లో పెరిగిన రామచిలకను ఉన్నట్టుండి వదిలేయకూడదు. ఎందుకు?

4. రోజువారీ గిన్నె ఎలా ఉండాలి?

చిలక ఒక రోజు తినే ఆహారాన్ని పది చెంచాలు అనుకోండి. ఇది కొలత కాదు, లెక్క కోసం మాత్రమే. అందులో

– 6 చెంచాలు ప్రధాన ఆహారం
– 3 చెంచాలు ఆకుకూరలు, కూరగాయలు
– మిగిలిన 1 చెంచాలో పండ్లు, గింజలు కలిపి

ఉండేలా చూసుకోవాలి. ఇప్పుడు ఒక్కొక్కటి వివరంగా తెలుసుకుందాం.

ప్రధాన ఆహారం: చిలకల కోసం తయారు చేసిన పెల్లెట్లు అనే గుళికలు పక్షుల దుకాణాలలో దొరుకుతాయి. అన్ని పోషకాలూ ఒకే గుళికలో ఉండడం వల్ల చిలక నచ్చినది ఏరుకుని మిగిలినది వదిలేయడం కుదరదు. గుళికలు దొరకనివారు ఉడికించిన జొన్నలు, మొక్కజొన్న, దంపుడు బియ్యపు అన్నం, ఉడికిన పప్పు, మొలకెత్తిన పెసలు మార్చి మార్చి పెట్టవచ్చు. ఉప్పు, నూనె, తాలింపు ఉండకూడదు. కొర్రలు, సామలు, అరికెలు కూడా మంచివే. అరికెలను ఛత్తీస్‌గఢ్‌లో కోదో అంటారు, సామలను కుట్కీ అంటారు. అక్కడ ఈ పంటలు బాగా పండుతాయి. వీటి గింజ చిన్నది కాబట్టి బడ్జెరిగార్‌కు అనుకూలంగా ఉంటుంది. ఇంటి ఆహారం పెట్టేవారు విటమిన్ల విషయంలో పశువైద్యుని సలహా తీసుకోవాలి.

ఆకుకూరలు, కూరగాయలు: మునగాకు, మెంతికూర, కొత్తిమీర, క్యారెట్, గుమ్మడికాయ, ఉడికించిన చిలగడదుంప పెట్టండి. పసుపు, నారింజ రంగు కూరగాయలలోను, ముదురు ఆకుపచ్చ ఆకులలోను ఉండే కెరోటిన్‌ను చిలక శరీరం 'ఎ' విటమినుగా మార్చుకుంటుంది. పాలకూర, తోటకూర అప్పుడప్పుడు కొద్దిగా చాలు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. ఆకులను బాగా కడిగి, కట్టగా కట్టి పంజరానికి వేలాడదీయండి. లాక్కుని తినడం చిలకకు వ్యాయామం అవుతుంది.

పండ్లు: జామ, బొప్పాయి, మామిడి, అరటి చిన్న ముక్కలు పెట్టవచ్చు. చక్కెర ఎక్కువ కాబట్టి రోజుకు ఒకటి రెండు ముక్కలు చాలు. ఆపిల్ గింజలు తీసేయండి. సీతాఫలం పెడితే గుజ్జు మాత్రమే పెట్టండి, గింజలు విషపూరితమైనవి.

కాల్షియం కోసం: సముద్రపు నురుగు అని పిలిచే కటిల్ చేప ఎముకను పంజరానికి కట్టండి. చిలక కావలసినప్పుడు గీరుకుని తింటుంది. ఒంట్లోకి వెళ్ళిన కాల్షియం ఉపయోగపడాలంటే 'డి' విటమిను కావాలి. అందుకు రోజూ కాసేపు లేత ఎండ తగలాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు. పంజరంలో సగం నీడ ఉండేలా చూడండి.

5. ఎప్పుడూ పెట్టకూడనివి

60 కిలోల మనిషి, 100 గ్రాముల కాకటీల్‌కు 600 రెట్లు. మనకు లెక్కలోకి రానంత పదార్థం కూడా దానికి పెద్ద మోతాదు అవుతుంది. కింది జాబితాను రాసుకుని పంజరం దగ్గర అంటించండి.

– అవకాడో: ఇందులోని పెర్సిన్ అనే పదార్థం పక్షుల గుండెను దెబ్బతీస్తుంది.
– చాక్లెట్, టీ, కాఫీ, మద్యం: ఇవి కొద్దిగా అయినా ప్రమాదమే.
– ఉల్లి, వెల్లుల్లి.
– ఉప్పు వేసినవి: పచ్చళ్ళు, అప్పడాలు, మిక్చరు, చిప్స్.
– నానబెట్టినా, మొలకెత్తినా సరే, ఉడకని రాజ్మా.
– ఆల్‌బుఖారా, పీచ్ వంటి పండ్ల టెంకలు.
– పాలు, పాలలో నానబెట్టిన రొట్టె.

చివరిది చదివి మీకు ఆశ్చర్యం కలగవచ్చు. పాలలో రొట్టె నానేసి చిలకకు పెట్టడం ఈ ప్రాంతాలలో పాత అలవాటు. పక్షులు పిల్లలకు పాలిచ్చి పెంచే ప్రాణులు కావు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించుకునే శక్తి వాటికి లేదు. పైగా పాలలో నానిన రొట్టె ఎండాకాలంలో త్వరగా పులిసిపోతుంది.

బూజు పట్టిన వేరుశనగల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చనిపోయాయి. కారణం ఏమిటని వెతికితే, వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండికి బూజు పట్టిందని తేలింది. ఆ బూజు తయారుచేసే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఇది కాలేయాన్ని పాడుచేస్తుంది. వానాకాలంలో చెమ్మ తగిలిన వేరుశనగలలో, మొక్కజొన్నలో ఈ బూజు పెరుగుతుంది. వాసన మారిన గింజలను, ముడుచుకుని నల్లబడిన గింజలను పారేయండి. ఎండబెట్టినా, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. మనుషులకు కూడా అవి మంచివి కావు.

వంటింటి విషయం మరొకటి ఉంది. నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే పొగ పక్షులను నిమిషాలలో చంపగలదు. పంజరాన్ని వంటింట్లో ఉంచకండి.

6. పచ్చిమిరపకాయ సంగతి

"చిలకకు పచ్చిమిరపకాయ పెడితే బాగా మాట్లాడుతుంది" అని పెద్దలు అంటుంటారు. మాటలకూ మిరపకాయకూ సంబంధం లేదు. అయితే మిరపకాయ చిలకకు హానీ చేయదు. మనకు కారంగా అనిపించే క్యాప్సైసిన్ అనే పదార్థం పక్షుల నోటికి మంట పుట్టించదు. దాన్ని గుర్తించే గ్రాహకం వాటి శరీరంలో వేరేగా ఉంటుంది. పక్షులు మిరపపండు తిని గింజలను దూరంగా రెట్టతో వదులుతాయి. అలా మిరప మొక్క వ్యాపిస్తుంది. మిరపలో విటమిన్లు కూడా ఉన్నాయి. అందువల్ల అప్పుడప్పుడు ఒకటి పెట్టవచ్చు. కాని మిరపకాయలు, నానబెట్టిన శనగలు మాత్రమే పెట్టి ఊరుకుంటే అది భోజనం కాదు.

7. నీళ్ళు, శుభ్రత

భిలాయిలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు రోజుకు రెండుసార్లు, ఎండాకాలంలో మూడుసార్లు మార్చాలి. స్టీలు గిన్నె గాని పింగాణి గిన్నె గాని వాడండి. జింకు పూత పూసిన తీగలను, సీసం కలిసిన రంగులను చిలక కొరికితే విషం ఎక్కుతుంది. తడి ఆహారాన్ని రెండు గంటలకు మించి ఉంచకూడదు. మండే ఎండలో ఒక గంట చాలు. గిన్నెలు రోజూ కడగాలి. పంజరం శుభ్రం చేసిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చిలకల నుంచి మనుషులకు సోకే జబ్బులు కూడా ఉన్నాయి.

8. అలవాటు ఎలా మార్చాలి?

ఏళ్ళ తరబడి గింజలు తిన్న చిలక కొత్త ఆహారాన్ని తిండిగా గుర్తించదు. "ఆకలేస్తే అదే తింటుంది" అని గింజలు ఒక్కసారిగా ఆపకండి. ఆకలితో చనిపోతుంది గాని ముట్టుకోదు. నెమ్మదిగా మార్చాలి.

మొదటి వారం: కొత్త ఆహారాన్ని వేరే గిన్నెలో పెట్టి చూడనివ్వండి.
రెండో వారం: పొద్దున్నే, బాగా ఆకలిగా ఉన్నప్పుడు ముందు కొత్త ఆహారం, గంట తరువాత గింజలు పెట్టండి. దాని ఎదుట మీరు కూడా ఒక క్యారెట్ ముక్క తినండి. చూసి నేర్చుకుంటుంది.
మూడో వారం నుంచి: గింజలను కొద్దికొద్దిగా తగ్గించండి. కొన్ని పక్షులకు నెలలు పడుతుంది.

ఈ రోజులలో గ్రాములు చూపే త్రాసు మీద వారానికి రెండు మూడుసార్లు తూచి రాసుకోండి. బరువు పదో వంతు తగ్గితే పాత ఆహారం మళ్ళీ ఇచ్చి, వెంటనే పశువైద్యునికి చూపించాలి. ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చోవడం, ఊపిరి తీస్తుంటే తోక పైకీ కిందికీ ఊగడం, రెట్ట రంగు మారడం కూడా ప్రమాద సూచనలే. దుర్గ్ దగ్గరి అంజోరాలో పశువైద్య కళాశాల ఉంది. మీ ఊళ్ళో పక్షులను చూసే వైద్యులు ఎవరో జబ్బు రాకముందే తెలుసుకుని ఉంచుకోండి.

పాఠ్యగత ప్రశ్నలు – 2

అ) చిలకకు పాలు ఎందుకు పెట్టకూడదు?
ఆ) మీ కాకటీల్ బరువు 100 గ్రాములు. ఎన్ని గ్రాములకు తగ్గితే వైద్యునికి చూపించాలి?
ఇ) చిలకకు మిరపకాయ కారం ఎందుకు తెలియదు?

మీరు నేర్చుకున్న అంశాలు

– మన దేశపు చిలకలను పెంచడం చట్టవిరుద్ధం. కొన్ని విదేశీ జాతులను పెంచుకోవచ్చు.
– గింజలు మాత్రమే తినే చిలకకు కొవ్వు ఎక్కువై, 'ఎ' విటమిను, కాల్షియం తక్కువై జబ్బులు వస్తాయి.
– ప్రధాన ఆహారానికి తోడు ఆకులు, కూరగాయలు రోజూ ఉండాలి. పండ్లు, గింజలు కొద్దిగా చాలు.
– అవకాడో, చాక్లెట్, టీ, ఉప్పు పదార్థాలు, పాలు, బూజు గింజలు ప్రమాదకరం.
– ఆహారాన్ని నెమ్మదిగా, తూకం చూసుకుంటూ మార్చాలి.

పదాలు – అర్థాలు

పస్తు: తిండి లేకుండా ఉండడం
కాలేయం: లివరు
రెట్ట: పక్షి మలం
ఏరుకొను: నచ్చినవి ఎంచి తీసుకొను
చిలక పలుకులు: ముద్దు మాటలు, అర్థం తెలియకుండా అప్పజెప్పే మాటలు అని కూడా

భాషాభ్యాసం

కింది వాక్యాలను వ్యతిరేకార్థంలోకి మార్చండి. మార్చిన తరువాత ఏ వాక్యం నిజమో చెప్పండి.
అ) చిలకకు పాలు పెట్టవచ్చు.
ఆ) పంజరాన్ని వంటింట్లో ఉంచాలి.

కృత్యం

మీ వీధిలో ఒక ఇంట్లో రామచిలక పంజరంలో ఉంది. ఆ ఇంటివారు దాన్ని ప్రేమగా చూసుకుంటున్నారు, కాని చట్టం సంగతి వారికి తెలియదు. వారి తరఫున అటవీ శాఖ రేంజి అధికారికి పది వాక్యాలలో లేఖ రాయండి. పక్షి ఎన్నాళ్ళుగా ఉంది, ఏం తింటోంది, అప్పగించడానికి ఏం చేయాలి అనే విషయాలు అందులో ఉండాలి.

పాఠాంత ప్రశ్నలు

1. చెట్టు మీది చిలక ఆహారాన్ని, పంజరంలోని చిలక ఆహారాన్ని పోల్చి రాయండి.
2. "ఇష్టంగా తినడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు." ఈ మాట మనుషులకు కూడా వర్తిస్తుందా? మీ ఇంటి భోజనం నుంచి ఒక ఉదాహరణతో వివరించండి.
3. మీ ఊరి బజారులో దొరికే వాటితో ఒక కాకటీల్‌కు ఒక వారం ఆహార పట్టిక తయారు చేయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. అ) గింజలు తిన్న తరువాత పొట్టు గిన్నెలోనే మిగులుతుంది. ఆ) 'ఎ' విటమిను, కాల్షియం. ఇ) దానికి తిండి వెతుక్కోవడం, కాకుల నుంచి తప్పించుకోవడం తెలియదు.
2. అ) పాలలోని లాక్టోజ్‌ను పక్షులు అరిగించుకోలేవు. ఆ) 90 గ్రాములకు. ఇ) క్యాప్సైసిన్‌ను గుర్తించే గ్రాహకం పక్షులలో వేరేగా ఉండడం వల్ల వాటికి మంట పుట్టదు.